జానెడు మట్టి

మూడో బుట్టతో సగం దారి ఎక్కాక ఎర్నాన్‌కి కీర్తనలో తర్వాతి మాట గుర్తు రాలేదు. ఆగాడు. వీపు మీది బుట్టను పక్కనున్న రాతికి ఆనించి, కళ్లు మూసుకుని, మళ్లీ కీర్తన మొదటికి వెళ్లాడు. అడుగుకొక మాట చొప్పున ఎక్కడం అతనికి అలవాటు. మాట తెగితే కాలు ఆగిపోతుంది. బుట్టలోని సముద్రపు పాచి నుంచి చల్లటి నీళ్లు కారి, ఉన్ని అంగీ తడిసి, నడుము దాకా దిగుతున్నాయి. కింద అలలు బండల మధ్య దూరి, గులకరాళ్లను ఈడ్చుకుంటూ వెనక్కి పోతున్నాయి. మాట దొరికింది. కాలు కదిలింది.

పొట్టి మనిషి. వయసు మీద పడ్డాక ఇంకా పొట్టి అయ్యాడు. వీపు ఎంతగా వంగిపోయిందంటే బుట్ట లేనప్పుడు కూడా బుట్ట మోస్తున్నట్టే నడుస్తాడు. వేళ్లు ముడులు తేలి ఉంటాయి. కుడి బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడో రాయి పడి ఊడిపోయింది. ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా తల ముందు భాగమంతా గొరుక్కోవడం వాళ్ల మఠం పద్ధతి. గొరగడానికి తోడెవరూ లేరు గనక చేత్తో తడుముకుంటూ తనే గొరుక్కుంటాడు. ఒక పక్క నున్నగా ఉంటే ఇంకో పక్క కోసిన చేనులా మోళ్లు మిగులుతాయి.

పైన, రాతి గుడిసెకి గాలి తగలని వైపు, మోకాలెత్తు గోడ చుట్టిన మడి ఉంది. రెండు తోలు పడవలను పక్కపక్కన బోర్లిస్తే నిండిపోయేంత మడి. ఎర్నాన్ బుట్టను అందులో బోర్లించి, పాచిని వేళ్లతో విడదీసి పరిచాడు. దాని మీద ఇసుక చల్లాడు. దాని మీద, రాళ్ల పగుళ్లలోంచి గీకి తెచ్చిన పిడికెడు దుమ్ము. వానకి, ఎండకి కుళ్లి అది వచ్చే ఏటికి మట్టి అవుతుంది. బుట్టెడు పాచి కుళ్లితే దోసెడు మట్టి. రోజుకి ఏడు ప్రార్థనలు గనక ఏడు బుట్టలు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పని.

ఇనిష్‌లోమ్ అంటేనే బోడి దీవి. దేవుడు భూమంతటికీ మట్టి పంచి ఇక్కడికొచ్చేసరికి చేతులు దులుపుకున్నాడని జాలర్లు అంటారు. క్లూన్‌ఫియా మఠం నుంచి నలుగురు సోదరులు సముద్రంలో ఏకాంతం వెతుక్కుంటూ ఇక్కడ దిగినప్పుడు, ఉన్నది రాయి, గాలి, పక్షుల రెట్ట. మొదటి చలికాలంలోనే ఒకడు దగ్గుతో పోయాడు. అతన్ని పడవలో వేసుకుని మఠానికి తీసుకెళ్లి పూడ్చారు. ఇక్కడ పూడ్చడానికి మట్టి లేదు. రెండోవాడు మోకాళ్లు పట్టేసి వెళ్లిపోయాడు. మూడోవాడు ఒకనాడు పొద్దున్నే లేచి, "గాలి నన్ను పేరు పెట్టి పిలుస్తోంది, నేనుండను" అని చెప్పి, వచ్చిన మొదటి పడవెక్కాడు.

ఎర్నాన్ ఉండిపోయాడు. ఒడ్డున జనం దాన్ని భక్తి అన్నారు. నిజమేమిటో అతనికి తెలుసు. మూడోవాడు పడవెక్కిన వారమే మడిలో మొదటి ఉల్లికాడ మొలిచింది. గడ్డిపరకంత మొలక. దాన్ని వదిలి పోబుద్ధి కాలేదు, అంతే.

అతను పుట్టిన ఇల్లు అతనికి గుర్తు లేదు. ఆ దేశంలో అందరి పిల్లల్లాగే ఏడేళ్లప్పుడు పెంపకానికి వేరే ఇంటికి వెళ్లాడు. పెంపుడు తండ్రి ఫింగిన్‌ది నల్లరేగడి చేను, ఏటి ఒడ్డున. నాగలి వెనక ఎర్నాన్ వట్టికాళ్లతో నడిచేవాడు. తిరగబడిన మట్టి కాళ్ల కింద వెచ్చగా, కొత్తగా కోసిన రొట్టెలా పొగలు కక్కేది. సాయంత్రం పెంపుడు తల్లి లస్సర్ అతని కాళ్లు కడుగుతూ, "ఈ పిల్లాడు సగం చేను ఇంటికి మోసుకొచ్చేస్తాడు, రేపు మీ అయ్య ఏం దున్నుతాడు?" అని నవ్వేది. పదిహేడో ఏట మఠంలో చేరాడు. అక్కడా పొలం పనే ఇచ్చారు. నూట యాభై కీర్తనల్లో అతనికి వచ్చినవి యాభై నాలుగు. యాభై ఐదోది ఎన్నిసార్లు మొదలుపెట్టినా నాలుక మీద నిలవలేదు.

ఈ మధ్య కీర్తనలు జారిపోతున్న కొద్దీ చేను దగ్గరికొస్తోంది. ఆ చేలో గట్టు ఎక్కడ విరిగి ఉండేదో, ఎద్దు ఏ మూల మొరాయించేదో, అన్నీ నిన్న చూసినట్టున్నాయి.

బుట్ట ఎత్తుకోబోతుంటే కింద నుంచి కేక వినిపించింది.

"తాతా! ఉన్నావా, పోయావా?"

డెర్వల్. ఒడ్డున జాలరి ఆర్డ్‌గల్ భార్య. ఏడాదికి నాలుగుసార్లు రొట్టెలు, పొయ్యిలో కట్టెలకి బదులుగా బాడవలో కోసి ఎండబెట్టిన పెళ్లలు తెస్తుంది. అంతకు ముందు వాళ్లమ్మ తెచ్చేది. చలికాలం మొదలయ్యే సావిన్ పండుగకి ఇంకా నాలుగు రోజులుంది. అది దాటితే పడవలు కదలవు.

"ఉన్నట్టే ఉంది, వీపు నొప్పెడుతోంది," అన్నాడు ఎర్నాన్.

డెర్వల్ మూట నెత్తిన పెట్టుకుని ఎక్కి వచ్చింది. వచ్చీ రాగానే అతని తల వంక చూసింది. "ఏంటది, మేక మేసిందా? బోడి దీవికి తగ్గ తల! కత్తి ఇటివ్వు, పోయేలోపు సరిచేస్తా."

"ఎక్కడికి పోయేలోపు?"

ఆమె వెనక్కి చూసింది. పడవలో ఆర్డ్‌గల్‌తో పాటు ఇంకో మనిషి ఉన్నాడు. మంచి చెప్పులు వేసుకున్నాడు. పాచి పట్టిన బండ మీద కాలు జారి, లేచి, మళ్లీ జారాడు. ఆర్డ్‌గల్ అతని నడికట్టు పట్టుకుని పైకి లాగాడు.

"క్లూన్‌ఫియా నుంచి. పేరు బెక్కాన్," అంది డెర్వల్ గొంతు తగ్గించి. "నిన్ను తీసుకుపోవడానికొచ్చాడు. దారంతా వాంతులే. ఇంత సముద్రం దేనికి పెట్టాడు దేవుడు అని అడిగాడు నన్ను. నేను పెట్టానా?"

బెక్కాన్‌కి ముప్ఫై దాటి ఉంటాయి. మొహం ఇంకా పాలిపోయి ఉంది. అయినా మర్యాదగా మోకాలు వంచి, దీవెన తీసుకుని, మఠాధిపతి అయ్యవారి మాట చెప్పాడు. ఇప్పటి మఠాధిపతి ఎర్నాన్‌ని ఎన్నడూ చూడలేదు. పోయిన చలికాలం ఇంకో దీవిలో ఒక సన్యాసి చనిపోయాడు. ఆయన మీద పైపైన కప్పిన ఇసుకని తుఫాను ఎత్తుకుపోయింది. బయటపడ్డ ఎముకల్ని వేరే మఠం వాళ్లు ఏరుకుపోయి, వెండిపెట్టెలో పెట్టి, మా సాధువే అంటున్నారు. మన సోదరుడికి అలా జరగకూడదు. ఒంటి మీద నడుము లోతు మట్టి ఉండాలి. ఇనిష్‌లోమ్‌లో అంత మట్టి ఉంటే ఎర్నాన్ ఉండొచ్చు. లేకపోతే ఈ చలికాలం రాకముందే తీసుకురావాలి.

"బతికున్నోడికి రొట్టెముక్క పంపరు గానీ, ఎముకలకి మాత్రం పడవ పంపారు," అంది డెర్వల్.

"అమ్మా, నేను చెప్పమన్నది చెబుతున్నాను."

"నిన్ననట్లేదు సామీ. నీకు కడుపులో ఏం మిగల్లేదు, నిన్నేమంటాను?"

ఎర్నాన్ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి పుట్టేచోటు తల్లి చేతిలో, లేచేచోటు దేవుడి చేతిలో అని ఆ తీరంలో ఒక మాట ఉంది. చచ్చినవాళ్లంతా లేచే ఆఖరి రోజున ఏ మట్టిలోంచి లేవాలో ఆ మట్టి కోసమే సన్యాసులు ఇల్లు విడుస్తారు. తన మట్టి ఇదే అనుకున్నాడు ఎర్నాన్. పైకి ఎవరితోనూ అనలేదు గానీ ఏటికేడు అదే ఆశ. ఈ జీవితంలో అతను దేవుణ్ణి అడిగింది ఇదొక్కటే.

"కొలిచి చూడు," అన్నాడు మెల్లగా.

బెక్కాన్ చేతికర్ర మీద తన నడుము ఎత్తున గోటితో గీత గీసుకుని మడిలోకి దిగాడు. కర్ర గుచ్చాడు. రాయి తగిలింది. ఇంకోచోట గుచ్చాడు. అక్కడా అంతే. ఎక్కడ గుచ్చినా జానా నాలుగు వేళ్లు. గీతకీ మట్టికీ మధ్య బోలెడు కర్ర మిగిలింది.

అతను పైకి చూడలేదు. కర్ర కొసకి అంటిన మట్టిని వేళ్లతో తీసి, నలిపి, వాసన చూశాడు. "మంచి మట్టి," అన్నాడు ఏదో ఒకటి అనాలని. అరచేతిలో ఏదో కదిలింది. "వానపాము!"

"ఆ. ఐదో ఏట వచ్చింది," అన్నాడు ఎర్నాన్. మొహం వెలిగింది. "నేను తేలేదు. రాతి మీద పుట్టదు, ఉప్పునీళ్లలో ఈదదు. ఒకరోజు తవ్వుతుంటే ఉంది. ఇప్పుడు బోలెడున్నాయి."

"ఇక్కడ అద్భుతాలేమైనా జరిగుంటే రాసుకురమ్మన్నారు అయ్యవారు. సీల్ జంతువు ఒకటి మీకు రోజూ చేప తెచ్చి పెడుతుందట కదా?"

"నా చేపే ఎత్తుకుపోతుంది, దొంగముండ. అద్భుతాలంటావా, ఈ వానపామే. ఇంకేం లేవు."

బెక్కాన్ దాన్ని మట్టిలో వదిలి, పైన మట్టి కప్పాడు. ఆ సంగతి ఎలా రాయాలో ఆలోచిస్తున్నట్టు కాసేపు అక్కడే కూర్చున్నాడు.

"సరే, పోదాం," అన్నాడు ఎర్నాన్. అయ్యవారి మాట కాదనడం అతనికి తెలియదు. "ఇవాళ్టి బుట్టలు ఇంకా నాలుగున్నాయి. అవి మోసేసి వస్తా."

"వదిలేసి పోయే మడికి బుట్టలెందుకన్నా?" అన్నాడు బెక్కాన్. "పోటు తిరిగిపోతే ఎలా?"

"పోటు సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు ఆర్డ్‌గల్. ఆ పొద్దున అతను అన్న మొదటి మాట అదే.

ఎర్నాన్ నాలుగోది మోశాడు, ఐదోది మోశాడు. ఆరోదానికి బెక్కాన్ కూడా వెంట దిగాడు. బుట్ట తనకిమ్మని రెండుసార్లు అడిగాడు. ముసలాయన ఇవ్వలేదు. ఎక్కుతూ ఎక్కుతూ, కీర్తన మధ్యలో ఆపి, ఉన్నట్టుండి అడిగాడు.

"నువ్వు చదువుకున్నవాడివి కదా తమ్ముడూ. ఒకటి చెప్పు. నేనిక్కడ ఉన్నది దేవుడి కోసమా, మట్టి కోసమా?"

"అదేంటన్నా, దేవుడి కోసమే కదా."

"అలా టక్కున చెప్పకు. నేను ముప్ఫై ఏళ్ల నుంచి చూసుకుంటున్నా. ప్రార్థనలో కూర్చుంటే మనసు మడిలో ఉంటుంది. మడిలో ఉంటే ప్రార్థన దానంతటదే వస్తుంది. నేను సన్యాసిని అవ్వలేదేమో. మా ఫింగిన్ అయ్య దగ్గర నాగలి వెనక నడిచినవాణ్ణి, ఇంకా నడుస్తూనే ఉన్నానేమో. అలాంటివాడికి లేచేచోటు కావాలని అడిగే హక్కుందా?"

బెక్కాన్‌కి నూట యాభై కీర్తనలూ వచ్చు. ఒక్కటీ ఆ సమయానికి పనికి రాలేదు.

పైకి వచ్చేసరికి డెర్వల్ గోడ మీద చెక్కగిన్నె పెట్టి పాలు పోస్తోంది. పొద్దున పితికినవి, దారిలో చలికి మీగడ కట్టాయి.

"తాగు తాతా."

"ఈస్టర్‌కి, క్రిస్మస్‌కి తప్ప పాలు..."

"దీవి నియమం దీవితోనే సరి. నువ్వు పోతున్నావుగా. తాగు, పడవలో చలేస్తుంది."

ఎర్నాన్ గిన్నె రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక గుక్క తాగి ఆగిపోయాడు. అతని కళ్లు ఎక్కడో ఉన్నాయి. "మా లస్సర్ అమ్మ ఎర్ర ఆవు పాలు ఇలాగే ఉండేవి," అన్నాడు. "కొంచెం అడవి వెల్లుల్లి వాసన. ఆవు ఏటి ఒడ్డుకి పోయి మేసేది, ఎంత కొట్టినా వినేది కాదు. పాలకి ఆ వాసనొస్తే అమ్మ తిట్టేది. నాకు మాత్రం అదే ఇష్టం."

"మా ఆవూ అంతే. దానికి నా మాట, నా మొగుడి మాట ఏదీ పట్టదు," అంది డెర్వల్.

అతను నవ్వాడు. సగం తాగి గిన్నె గోడ మీద పెట్టాడు. "మిగతాది వచ్చి తాగుతా. ఒక్క బుట్టే ఉంది."

"తాతా, ఒకటడుగుతా," అంది ఆమె వెనక నుంచి. "ఆఖరి రోజున అందరూ గుంపులో లేస్తారు, తెలిసినోళ్ల పక్కన. నువ్విక్కడ లేచుంటే పలకరించే దిక్కెవరని అనుకున్నావ్?"

"నువ్వు పడవేసుకుని రావా ఏంటి?" అంటూ దిగిపోయాడు.

డెర్వల్ గుడిసెలోకి వెళ్లి సామాను చూసింది. సర్దడానికేమీ లేదు. గంట, కత్తి, దుప్పటి, కీర్తనలు గీసుకున్న మైనపు పలక. మూట కట్టి బయటికొచ్చేసరికి పోటు తిరిగే వేళయింది. ముసలాయన పైకి రాలేదు. కేకేసింది. మళ్లీ కేకేసింది. సీల్ ఒకటి నీళ్లలోంచి తల ఎత్తి చూసి మునిగిపోయింది.

దారి మొదట్లోనే ఉన్నాడు. నిండిన బుట్టను రాతికి ఆనించి, తాళ్లు భుజాలకి అలాగే ఉండగా, మాట వెతుక్కోవడానికి ఆగినవాడిలా, కళ్లు మూసుకుని. నోరు కొంచెం తెరిచి ఉంది. అంగీలోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.

ఊపిరి లేదు. ఆర్డ్‌గల్ వంగి భుజాల నుంచి తాళ్లు తీశాడు. డెర్వల్ ఏడుస్తూనే ముసలాయన తల మీద మిగిలిన మోళ్లని కత్తితో నున్నగా గొరిగింది. తర్వాత పైకి మోసుకొచ్చి, గుడిసె పక్కన రాతి మీద పడుకోబెట్టారు.

"పడవలోకి దించాలి," అన్నాడు బెక్కాన్. అనలేక అన్నాడు. "అయ్యవారి ఆజ్ఞ. నడుము లోతు లేదు, మీరూ చూశారుగా."

డెర్వల్ గోడకి ఆనించిన చెక్కపార తీసుకుంది. మడి అంచున మట్టి గీకి, బుట్టకెత్తి, తెచ్చి ఎర్నాన్ పాదాల పక్కన పోసింది. మళ్లీ వెళ్లింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పరుపు చుట్టి పెడుతున్నా. పరిచుంటే జానెడే ఉంటుంది సామీ. చుడితే ఎంతవుతుందో చూద్దాం."

బెక్కాన్ మడి వంక చూశాడు. ఆకులు, ఉల్లికాడలు, ఇవాళే పరిచిన తడి పాచి. "అంతా తీసేస్తే రేపు అయ్యవారు ఇక్కడికి ఇంకొకర్ని పంపితే? వచ్చేవాడికి మట్టి ఉండదు."

"వచ్చేవాడు వాడి మట్టి వాడు మోసుకుంటాడు."

ఆర్డ్‌గల్ అప్పటికే చేతులతో ఎత్తి పోస్తున్నాడు. ఆజ్ఞ తప్పుతున్నానా, నెరవేరుస్తున్నానా అని బెక్కాన్‌కి తెలియలేదు. దేవుడికి తెలిసుంటుంది. అయ్యవారికి మాత్రం తనే చెప్పుకోవాలి. పొద్దున ముసలాయన అడిగినదానికి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు నోటి దాకా వచ్చింది. వినేవాడు లేడు. చెప్పులు విప్పేసి, అంగీ అంచులు నడుముకి దోపుకుని మడిలోకి దిగాడు. మట్టి కాళ్ల కింద చల్లగా, మెత్తగా ఉంది. మొదటి బుట్ట ఎత్తుకుని యాభై ఐదో కీర్తన అందుకున్నాడు, అడుగుకొక మాట.

ఎండ పడమటికి వాలేదాకా మోశారు. ఎర్నాన్ చేతులు, మొహం కనిపించకుండా పోయాయి. మట్టి లేచింది. మోకాలెత్తు, తొడ ఎత్తు. మధ్యలో ఒకసారి డెర్వల్ వచ్చి, బుట్టలో చిక్కుకున్న ఉల్లికాడల్ని వేర్లతో సహా మట్టి మీద నాటింది. గోడ రాళ్లు తెచ్చి చుట్టూ పేర్చారు, గాలి ఎత్తుకుపోకుండా. ఆఖరి బుట్ట పోశాక బెక్కాన్ కర్ర గుచ్చాడు. గీత మునిగింది, ఇంకా రెండు వేళ్లు లోపలికి దిగింది. కర్ర తీసి తుడుచుకున్నాడు.

మడి ఉన్నచోట రాయి బయటపడింది. ముప్ఫై ఒక్క ఏళ్ల తర్వాత వెలుతురు చూసిన రాయి, తడిగా, నల్లగా. నలుగురు సోదరులు దిగిన రోజున ఎలా ఉందో మళ్లీ అలాగే ఉంది.

పోటు పోతోంది. దిగారు. పడవ బండల్ని దాటి చాలా దూరం వచ్చాక డెర్వల్ వెనక్కి తిరిగింది.

"గిన్నె అక్కడే ఉండిపోయింది."

ఆర్డ్‌గల్ తెడ్లు ఆపాడు. "పోదామా?"

ఆమె అటే చూసింది. "వద్దులే," అంది.

పైన, మిగిలిన గోడ ముక్క మీద, చెక్కగిన్నెలో సగం పాలున్నాయి. గాలి వీచినప్పుడల్లా వాటి మీది మీగడ ముడత పడి, మళ్లీ సర్దుకుంటోంది.